గువ్వ నోట్లో తీగ

స్టూడియో మేడమీద గది,
జూన్ మొదటివారం

మరదలికి,

నీ ఉత్తరం అందింది. సొరంగంలో నీళ్ళు ఊరడం తగ్గి పని మళ్ళీ మొదలైందన్నావు, సంతోషం. ఇక్కడ నేనూ గువ్వా బాగానే ఉన్నాం. నీ కూతురు మూడో తరగతి గదిలోంచి నాలుగో తరగతి గదిలోకి మారింది. అంతకుమించి మార్పేమీ లేదు. పెన్సిళ్ళు పారేసుకోవడం యథాప్రకారం సాగుతోంది.

ఒక సంగతి రాయాలి. బడి గుర్తింపు కార్డుల ఫోటోలు ఈసారి మన స్టూడియోకే ఇచ్చారు. పిల్లలందర్నీ వరసగా స్టూలు మీద కూర్చోబెట్టి తీశాను. సాయంత్రం బల్లమీద పరిచి కత్తిరిస్తుంటే మన పిల్ల ముఖం దగ్గర చెయ్యి ఆగిపోయింది. రోజూ చూసే ముఖమే. కానీ అన్ని ముఖాల మధ్య పెట్టి చూస్తే దాని కింది దవడ లోపలికి ఉంది. పై పళ్ళు వచ్చి కింది పెదవి మీద కూర్చుంటున్నాయి. పక్కనుంచి కూడా తీశాను. ఆ ఫోటో దీంతో పంపుతున్నాను.

ఆలస్యం చేయకుండా పెద్ద రోడ్డులో కొత్తగా తెరిచిన గాజు తలుపుల క్లినిక్‌కి తీసుకెళ్ళాను. పళ్ళు సరిచేసే డాక్టరు కుర్రవాడే గానీ ఓపిక ఉంది. ఎక్స్‌రే తీయించి, దవడ ఎదుగుదలలో వెనకబడిందని, దాన్ని ముందుకు రప్పించడానికి రెండు దారులున్నాయని చెప్పాడు. మొదటిది తీసి పెట్టుకునే ప్లేటు. పైనొకటి, కిందొకటి, ప్లాస్టిక్‌వి, తీగలతో పళ్ళని పట్టుకుని ఉంటాయి. నోరు మూసినప్పుడల్లా ఒకదానికొకటి ఆని కింది దవడని ముందుకు తోస్తాయి. తినేటప్పుడు తప్ప పగలూ రాత్రీ నోట్లోనే ఉండాలి. రెండోది అతికించే కడ్డీ. వెనక పళ్ళకి ఉంగరాల్లాంటివి అతికించి, రెండు పక్కలా పై దవడ నుంచి కింది దవడకి చిన్న కడ్డీలు బిగిస్తారు. పిల్ల తీయడానికీ పారేసుకోవడానికీ వీలుండదు. నెలనెలా ఆ డాక్టరుకే చూపించాలి. రెండేళ్ళ పని.

నాకు కడ్డీయే మంచిదనిపించింది. డాక్టరు కూడా కాదనలేదు. మొక్కై వంగనిది మానై వంగునా! నువ్వు ఊఁ అంటే ఈ నెలలోనే పెట్టించేస్తాను. తమ్ముడి ఓడ ఇప్పుడు ఏ రేవులో ఉందో తెలీదు, వాడికీ ఒక ముక్క రాశాను.

వదిన


సొరంగం క్యాంపు, రేకుల గది,
జూన్ చివర

వదినకు నమస్కారాలు.

ఉత్తరమూ ఫోటో అందాయి. ఈ రెండేళ్ళూ నా బిడ్డని కంటికి రెప్పలా చూసుకుంటున్నారు. ఆ మాట ముందు చెప్పి, మిగతావి తర్వాత అడుగుతున్నాను. తప్పుగా అనుకోకండి.

ఫోటోలో దీపం పైనుంచి పడుతోంది. గడ్డం కింద నీడ నల్లగా ఉంది. తల కూడా కాస్త కిందికి దించినట్టుంది. మా పెళ్ళినాడు ఫోటోలు తీస్తూ మీరే అన్నారు, "గడ్డం రెండు వేళ్ళు పైకెత్తవే, లేకపోతే దేవుడు నీకు గడ్డం పెట్టడం మర్చిపోయాడంటారు" అని. ఉన్న గడ్డాన్ని లేనట్టు చూపించడం మీకొక లెక్క కాదు. కిటికీ వెలుతురులో, దీపం లేకుండా మరొకటి తీసి పంపగలరా?

డాక్టరు కాదనలేదు అని రాశారు. అవునన్నాడా మరి? కడ్డీ మాట ముందు ఎత్తింది ఆయనా, మీరా?

మా పనిలో కొండ లోపల ఏముందో బయటినుంచి చూసి చెప్పేసేవాణ్ణి నమ్మం. నాలుగు చోట్ల బెజ్జాలు వేసి, లోపలి రాయి చేతిలో పట్టుకున్నాకే నమ్ముతాం. ఇంకో డాక్టరెవరికైనా చూపించారా?

నా మటుకు ప్లేటే నయమనిపిస్తోంది. నొప్పెడితే తీయొచ్చు, కడుక్కోవచ్చు. పైగా ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు, ఏ ఊరి డాక్టరైనా చూడగలడు.

గువ్వకి నా ముద్దులు. ఆదివారం క్యాంపు ఆఫీసు ఫోను దగ్గర వరసలో నిలబడతాను. లైను దొరికితే చేస్తాను.

మీ మరదలు


స్టూడియో కింద గది,
జూలై

మరదలా,

కిటికీ వెలుతురు ఫోటో ఇదిగో. దీపం లేదు, నీడ లేదు, గడ్డమూ లేదు. తృప్తేనా?

దొంగతనం అంటగట్టినా ఊరుకునేదాన్ని. ఫోటో చేత అబద్ధం ఆడించానన్నావు చూడు, అది గుచ్చుకుంది. నా సొంత మేనకోడలి ముఖాన్ని వంకరగా చూపించి నేను బావుకునేదేమిటి?

సరే, నువ్వు అడిగావు, నేనూ అడుగుతాను. ఎక్కడికైనా తీసుకెళ్ళొచ్చు అన్నావు. ఎక్కడికి? ఆ మాట దగ్గర సిరా చిక్కగా ఉంది, కలం కాసేపు ఆగినట్టుంది. నువ్వుండే చోట బడి లేదు, బస్సు లేదు, గది కప్పు మీద రాళ్ళు పడతాయని నువ్వే రాశావు. మరి పిల్లని తీసుకెళ్ళే ఎక్కడో అనే ఊరేది?

ప్లేటు మాట. నీ కూతురు ఈ వానల్లోనే రెండు గొడుగులు పారేసింది. మొన్న ఒక్క చెప్పుతో ఇంటికొచ్చింది. "రెండోదేదే?" అంటే "అదెప్పుడు పోయిందో నాకూ చెప్పలేదత్తా" అంది. దాని నోట్లో తీసి పెట్టుకునే వస్తువు పెడితే అది తీస్తుంది గానీ పెట్టదు. నెలకోసారి ఫోనులో ముద్దులు పెట్టేవాళ్ళకి ఇది తెలియదు. రోజూ దాని సంచి వెతికేదాన్ని కాబట్టి నాకు తెలుసు.

ఇంకో డాక్టరుకి చూపించాల్సిన అవసరం కనబడలేదు.

ఆడపడుచు అర్ధమొగుడంటారు. పెత్తనం నాకొద్దు గానీ, పిల్లని పెంచే చేతికి కాస్త విలువివ్వు.

వదిన


సొరంగం క్యాంపు,
జూలై చివర

వదినగారికి,

మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. దాచాలనుకోలేదు, అన్నీ తేలాక రాద్దామనుకున్నాను. మా కంపెనీ నక్షాల ఆఫీసులో నాకు కుర్చీ ఇస్తామంటున్నారు. అది ఊరే, గుట్ట కాదు. బడి ఉంది, ఇల్లిస్తారు. వచ్చే చదువుల ఏడాదికి గువ్వని నా దగ్గరికి తెచ్చుకుంటాను.

ఈ మాట మీకు ఎవరైనా ముందే చెప్పారా? ఎందుకంటే నేను ఆ ఉద్యోగానికి పేరిచ్చిన నెలలోనే మీకు పిల్ల దవడ కనబడింది. రెండేళ్ళు కదలకుండా ఒకే డాక్టరు దగ్గర చూపించాల్సిన కడ్డీయే మంచిదని కూడా అప్పుడే అనిపించింది. నేను తప్పయితే చెంపలు వేసుకుంటాను.

మీ తమ్ముడికి మీరొక ఉత్తరం, నేనొక ఉత్తరం రాశాం. ఇద్దరికీ అక్షరం పొల్లు పోకుండా ఒకటే జవాబు పంపాడు: "మీరిద్దరూ కలిసి ఏది మంచిదంటే అదే." ఓడమీద బతికేవాడికి గాలెటు వీస్తే అటే దారి.

ప్లేటే పెట్టించండి. తల్లిగా ఇది నా మాట.

గువ్వ తల్లి


స్టూడియో మేడమీద గది,
ఆగస్టు

మరదలికి,

తల్లిగారి ఆజ్ఞ ప్రకారం ప్లేటు పెట్టించాను.

నీ ఉద్యోగం సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఎవరు చెబుతారు? తమ్ముడా? వాడికి వాడి పుట్టినరోజే నేను గుర్తుచేయాలి. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకునే అలవాటు నాకు లేదు కాబట్టి ఇంతకంటే రాయను.

పిల్ల సంగతి రాస్తాను, అది నీకు రావాల్సిన బాకీ. మొదటిరోజు నోట్లో చెప్పు పెట్టుకున్నట్టుందంది. మాట ముద్దముద్దగా వస్తోంది, చొంగ కారుతోంది. "అత్తా, సబ్బు" అనబోయి "అత్తా, థబ్బు" అంది. అని అదే పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. కింద స్టూడియోలో పెళ్ళిచూపుల ఫోటోకి వచ్చిన అబ్బాయి తనని చూసే నవ్వుతున్నామనుకుని ముఖం మాడ్చుకున్నాడు. ఫోటో కూడా అలాగే వచ్చింది.

బడికి పెట్టుకునే వెళుతోంది. సంచిలో డబ్బా పెట్టాను, తినేటప్పుడు తీసి అందులో వెయ్యమని. సాయంత్రం రాగానే మొదట నోరు చూస్తాను, తర్వాతే ముఖం. నీకు నమ్మకం కుదరాలంటే ఇంకేం చేయాలో రాయి.

ఒకటి మాత్రం అడగాలి. ఆదివారం ఫోను పెట్టేశాక పిల్ల మెట్ల మీద కూర్చుండిపోయింది. "అమ్మ ఏమందే?" అంటే "అత్త ప్లేటు తీసెయ్యమంటోందా అని అడిగింది" అంది. ఆ ప్రశ్న నన్నడిగితే పోయేదిగా?

వదిన


సొరంగం క్యాంపు,
అక్టోబరు

వదినగారికి,

రెండు నెలల తర్వాత చూసి దవడ ఆవగింజంత కూడా కదల్లేదని డాక్టరన్నాడని రాశారు. అది చదివి నాకు ఆశ్చర్యం కలగలేదు. మీ ఉత్తరంలో ఆ వాక్యం కింద ఒక గీత కూడా ఉంది. మీరు ముందే చెప్పారు కదా, అది తీస్తుంది గానీ పెట్టదని. మీ మాట నెగ్గింది. నెగ్గాలని ఎంత చూశారో నాకు తెలియదు. రోజూ నోరు చూస్తానన్నవారు, ఏం చూశారు?

మీరు నన్నడిగారు, పిల్లనెందుకు అడుగుతున్నావని. అడగబట్టే ఒక సంగతి తెలిసింది. మొన్న ఆదివారం లైను బాగా కుదిరింది. గువ్వ తనంతట తనే అంది: "అమ్మా, పళ్ళ తాత ఏమీ పెట్టొద్దన్నాడు కదా, పెద్దయ్యాక రమ్మన్నాడు కదా, మరి ఇదెందుకు?"

పళ్ళ తాత ఎవరు వదినగారూ?

నేను తరచి అడిగితే చెప్పింది. మీ వీధి చివర ఉండే ముసలి పళ్ళ డాక్టరట. గాజు తలుపుల క్లినిక్ కంటే ముందే అక్కడికి తీసుకెళ్ళారట. ఆయన చేతిలో బెల్లం వాసన వస్తుందట. అంత బాగా గుర్తుంది దానికి. ఇంకో డాక్టరుకి చూపించాల్సిన అవసరం కనబడలేదని మీరు రాసిన ఉత్తరం నా పెట్టెలోనే ఉంది.

నేను వచ్చేదాకా గువ్వని ఏ డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళకండి. గాజు తలుపులైనా సరే, చెక్క తలుపులైనా సరే. సంవత్సరం చివర్లో సెలవు దొరుకుతుంది. నేనే వచ్చి, నేనే కూర్చుని, నా చెవులతో వింటాను.

గువ్వ తల్లి


స్టూడియో,
నవంబరు

సరే. నువ్వు వచ్చేదాకా ఏ గడపా తొక్కం. ఈ నెల క్లినిక్‌లో చూపించాల్సిన రోజు వచ్చింది, వెళ్ళింది. వాళ్ళు ఫోను చేస్తే తల్లి వస్తుందని చెప్పాను.

పళ్ళ తాతకి చత్వారం. ఆయన మాట రాయదగినదని నాకు తోచలేదు, అంతే.

ప్లేటు పెట్టుకునే ఉంటోంది. నేను చూస్తూనే ఉన్నాను. కానీ ఈమధ్య మాటలు తగ్గించింది. తిండి దగ్గర గంటలు గంటలు కూర్చుంటుంది. నీ మీద బెంగ పెట్టుకుందనుకుంటాను. ప్రతి ఆదివారం పిల్ల దగ్గర కూపీ లాగితే అది మాత్రం ఏం చేస్తుంది? బిడ్డని కన్నావు గానీ, గూఢచారిని కనలేదు నువ్వు.

వదిన


సొరంగం క్యాంపు,
నవంబరు చివర

వదినగారికి,

మూడు ఆదివారాలుగా గువ్వ ఫోనులో "బాగున్నాను" తప్ప ఇంకో ముక్క అనడం లేదు. నోరెలా ఉందంటే బాగుంది. బడి బాగుంది. అత్త బాగుంది. పక్కన మీరు నిలబడి ఉంటారా? అలా చెప్పమని నేర్పారా? నా కూతురు గుక్క తిప్పుకోకుండా మాట్లాడే పిల్ల. దాని చేత ఫోను పట్టించి మౌనవ్రతం చేయిస్తుంటే నాకు తెలియదనుకోకండి.

మాటలు తగ్గించిందని మీరే రాశారు. ఎవరి దగ్గర తగ్గించిందో, ఎవరు తగ్గించమన్నారో, అది రాయలేదు.

వచ్చే నెల వస్తున్నాను. నక్షాల ఆఫీసు కుర్చీ అనుకున్నదానికంటే ముందే, జనవరికే ఖాయమైంది. దాని బట్టలు ఒక పెట్టెలో సర్ది ఉంచండి.


స్టూడియో మేడమీద గది,
డిసెంబరు, శుక్రవారం

అమ్మాయీ,

ఈ ఉత్తరం అందేలోపే నీకు క్యాంపు ఆఫీసులో నా ఫోను మాట చేరుతుంది. పిల్ల క్షేమం. అది ముందు చదువు, తర్వాత మిగతాది.

నీ మాట దాటాను. నిన్న గువ్వని పళ్ళ తాత దగ్గరికి తీసుకెళ్ళాను.

ఏం జరిగిందో వరసగా చెబుతాను. నీ కోసం దాని ఫోటో తీద్దామని స్టూలు మీద కూర్చోబెట్టాను. నవ్వమంటే పెదవులు కలిపి నవ్వింది. "పళ్ళు కనబడాలే" అన్నాను. తల అడ్డంగా ఊపింది. దగ్గరికెళ్ళి గడ్డం పట్టుకుంటే ఒళ్ళు కాలిపోతోంది. కింది దవడ పక్క కాస్త వాచింది. నోరు తెరవమన్నాను, తెరవలేదు. కోప్పడ్డాను. అప్పుడు తెరిచింది.

కింది ప్లేటుని పట్టుకునే తీగ చిగుర్లో దిగబడి ఉంది. దాని పాలపన్నొకటి ఊడిపోయిందట, నెల కిందటెప్పుడో. తీగకి పట్టు పోయి ప్లేటు ఊగుతోంది, నోరు మూసినప్పుడల్లా తీగ మొన లోపలికి గుచ్చుకుంటోంది. నాలుక పక్కనంతా పుండు. నెలనెలా చూపించి ఉంటే క్లినిక్ కుర్రాడు ఒక్క నిమిషంలో తీగ వంచేసేవాడు. నువ్వు తీసుకెళ్ళొద్దన్నావు. నేను, నీ మీద కసితో, సరే అన్నాను. రోజూ నోరు చూశాను. ప్లేటు ఉందా లేదా అని చూశాను గానీ, ప్లేటు కింద ఏముందో చూడలేదు.

పళ్ళ తాత ప్లేటు తీసి, కడిగి, మందు రాసి, దాని ముందు కూర్చున్నాడు. "ఇంత నొప్పి పెట్టుకుని ఎవరికీ చెప్పలేదేం తల్లీ?" అన్నాడు. అది నా వైపు చూసింది. మళ్ళీ ఆయన వైపు చూసింది.

"అమ్మకి చెబితే అత్తని తిడుతూ ఉత్తరం రాస్తుంది. అత్తకి చెబితే అమ్మని తిడుతూ రాస్తుంది. నేనేం చెప్పినా వాళ్ళిద్దరూ ఉత్తరాలు రాసుకుంటారు. అందుకే ఎవరికీ చెప్పలేదు" అంది. ఈ ముక్కలు చెప్పడానికి పుండు నాలుకతో ఎంతసేపు పట్టిందో!

ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. ఇక్కడ పుండు పసిదాని నోట్లో ఉంది. కాకులం మనమిద్దరమే.

ఇక నీ ప్రశ్నకి జవాబు. అవును, జూన్‌లో మొదట పళ్ళ తాతకే చూపించాను. ఆయన, "దవడ వెనక్కుంది నిజమే, కానీ తొందరేం లేదు. పాలపళ్ళు పోనీ, పొడుగు సాగే వయసు రానీ. అప్పుడు ఏది పెట్టినా పని చురుగ్గా అవుతుంది. ఇప్పుడు పెడితే పిల్లకి శ్రమ, మీకు తిరుగుడు" అన్నాడు. ఆ మాట నీకు రాయలేదు. పిల్ల నీ దగ్గరికి వెళ్ళిపోయే రోజొకటి వస్తుందని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. రెండేళ్ళు కట్టిపడేసే కడ్డీ ఉందని క్లినిక్‌లో చెప్పగానే, నా చెవికి అదొక్కటే వినబడింది.

నిన్న కూడా ఆయన అదే మాటన్నాడు, నా ముఖం చూడకుండా.

వచ్చి నీ బిడ్డని చూసుకో. పెట్టె సర్దలేదు. నా చేతులు రాలేదు.

వదిన


సొరంగం క్యాంపు, రేకుల గది,
డిసెంబరు, మంగళవారం

వదినా,

మీ ఫోను మాట చేరింది. ఉత్తరమూ చేరింది. ఎల్లుండి లారీలో కిందికి దిగి బస్సెక్కుతాను. దానికంటే ముందు ఈ ఉత్తరం మీ చేతికి రావాలని మనిషికిచ్చి పంపుతున్నాను. ఎదురుగా నిలబడితే ఈ మాట నా నోటికి రాదని నాకు తెలుసు.

నాకూ తెలుసు వదినా.

మా క్యాంపుకి నెలకోసారి ఒక పళ్ళ డాక్టరమ్మ వస్తుంది. మీరు పంపిన మొదటి ఫోటో జూన్‌లోనే ఆవిడకి చూపించాను. "పాపకి ఎన్నేళ్ళు? తొమ్మిదా? అయితే ఇప్పుడేమీ వద్దు. పదకొండో పన్నెండో రానివ్వండి. పళ్ళకి దెబ్బ తగలకుండా చూసుకుంటే చాలు" అంది. సరిగ్గా మీ పళ్ళ తాత మాటే. నేను తల ఊపి, వచ్చి, ప్లేటే నయం అని మీకు ఉత్తరం రాశాను.

ఎందుకంటే ఏమీ వద్దంటే పిల్ల మీ దగ్గరే ఉండిపోతుంది. నా బిడ్డని నాకివ్వండి అని అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. రెండేళ్ళు మీ మీద వదిలేసి, ఇప్పుడు వచ్చి చెయ్యి చాపితే ఏమంటారోనని. ప్లేటు ఉంటే, దాన్ని కడగాలి, చూడాలి, తల్లి దగ్గర ఉండాలి అని ఒక సాకు దొరుకుతుంది. మీరు దాని దవడతో పిల్లని కట్టేద్దామనుకున్నారు. నేను అదే దవడ పట్టుకుని లాక్కుందామనుకున్నాను. అక్టోబరులో మీ అబద్ధం పట్టుకున్నానని ఎంత సంబరపడ్డానో, ఆ ఉత్తరం నాలుగుసార్లు చదువుకుని మరీ పోస్టు చేశాను. ఆ రోజు కూడా డాక్టరమ్మ మాట నాకు గుర్తుంది.

మూడు ఆదివారాలు అది బాగున్నాను అంది. తీగ గుచ్చుకుంటుంటే అంది. నేను ఆ గొంతులో మీ గొంతు కోసం వెతికాను గానీ, దాని నొప్పి వినలేదు.

ఇప్పుడు సాకు లేకుండా అడుగుతున్నాను. నాకు నా కూతురు కావాలి వదినా. ఇంకే కారణమూ లేదు. కావాలి, అంతే.

మరదలు


స్టూడియో కింద గది,
జనవరి

మరదలా,

నువ్వు వచ్చిన మొదటిరోజు మనిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా గదిలో గిన్నెలు సర్దుకుంటూ తిరగడం తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తోంది. కడిగిన గిన్నెనే నువ్వు మళ్ళీ కడిగావు. తుడిచిన బల్లనే నేను మళ్ళీ తుడిచాను.

పిల్లని ఎక్కడుంటావని మనం అడగకుండా ఉండాల్సింది. అది మనిద్దరి వైపూ చూసి, "నన్నడక్కండి. మీరే అనుకుని చెప్పండి, ఉంటాను" అంది చూశావా, అప్పుడు నీ కళ్ళల్లోకి మొదటిసారి చూశాను. దానికి మించిన బరువు దాని మీద పెడుతున్నామని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

అందుకే మరునాడు నేనే అన్నాను, తీసుకెళ్ళు అని. మంచిదాన్నని కాదు. ఎవరో ఒకరు అనాలి కదా. నువ్వు అడిగావు కాబట్టి నేను ఇవ్వగలిగాను. అడక్కుండా లాక్కుంటే చచ్చినా వదిలేదాన్ని కాదు, అది నీకు తెలుసు.

క్లినిక్ కుర్రాడి దగ్గరికి వెళ్ళి ప్లేటు తిరిగిచ్చేశాను. తొందరపడ్డామేమో అన్నాడు. తొందరపడింది మేమేనయ్యా, నువ్వు మేమడిగింది చేశావు అన్నాను. దవడ సంగతి ఇక దాని వయసుకి వదిలేద్దాం. రెండేళ్ళ తర్వాత ప్లేటో కడ్డీయో డాక్టర్లు చెబుతారు, పెట్టుకోవాల్సిన పిల్ల కూడా చెబుతుంది. అప్పుడు మనం నోరు మూసుకుని వినాలి. అది మనకి ప్లేటుకంటే కష్టం.

స్టూడియోలో పనుంది. మెట్ల మీద ఎవరూ పరిగెత్తకపోతే మేడ కూడా గోదాములా ఉంటుందని ఇప్పుడే తెలిసింది. సెలవులకి పంపు. పంపుతానన్నావు. నిన్ను నమ్ముతున్నాను. ఈ మాట రాయడానికి కలం కాసేపు ఆగింది, సిరా చిక్కగా కనబడితే మళ్ళీ అనుమానించకు.

దాని చేత ఒక ఉత్తరం రాయించు. నువ్వు చెప్పి రాయించకు, దిద్దకు. దాన్నే రాయనివ్వు.

వదిన


కొత్త ఇల్లు, కిటికీ పక్కన బల్ల,
ఫిబ్రవరి

అత్తకి,

అమ్మ ఇది చదవనంది. కవరు కూడా నేనే అంటిస్తాను.

ఇక్కడ నాకు చాలా బాగాలేదు. కొంచెం బాగుంది. అమ్మ జడ గట్టిగా వేస్తుంది, కళ్ళు పైకి లాగేసినట్టుంటాయి. నిన్న కూర మాడ్చింది. మాడలేదు, ఆ రంగే అంది. మాడింది. బడిలో నా పక్కన కూర్చునే అమ్మాయి నా రబ్బరు తీసుకుని ఇవ్వడంలేదు. ఈసారి నేను పారెయ్యలేదు, నిజంగా.

నీ మీద కూడా కోపం ఉంది. నువ్వు సర్దిన పెట్టెలో నా నీలం గౌను లేదు. నువ్వే దాచుకున్నావని నా అనుమానం. అమ్మ అనలేదు, నేనే అంటున్నాను. నువ్వు వచ్చేటప్పుడు పట్టుకురా. ఊరికే ఫోటో తీసి పంపకు, నువ్వే రా.

అమ్మ ఆఫీసు నుంచి వచ్చాక మేమిద్దరం నడవడానికి వెళతాం. అమ్మకి దారులు తెలీవు. కొండ లోపల దారి చేసే మనిషి వీధిలో తప్పిపోతుంది. నేనే తీసుకొస్తాను.

నోట్లో పుండు తగ్గిపోయింది. ఇప్పుడు పక్కన ఇంకో పన్ను కదులుతోంది. కొరికితే నొప్పిగా ఉంది. అమ్మకి చెప్పాను. నీకూ చెబుతున్నాను.

గువ్వ